మారథాన్ పరుగు: మన నగరపు దారి, మన కర్తవ్యము

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని మన తెలుగు పెద్దలు చెప్పినారు. తొందరపాటును నివారించుటకు పుట్టిన సామెత యిది. అయితే, ప్రతి సంవత్సరము ఆగస్టు మాసపు చివరి రోజులలో ఒక ఆదివారమునాడు హుస్సేన్‌సాగర్ ఒడ్డునుండి వేలాదిమంది స్త్రీపురుషులు పరుగెత్తుతూ, దారిలో అక్కడక్కడ ఆగి నీళ్ళు తాగి, మరల పరుగెత్తుటను చూచినవారికి ఈ సామెతలోని రెండు పనులూ ఒకే మనిషి చేయవచ్చునని తెలిసివస్తుంది. 2025 ఆగస్టు 24వ తేదీన మేము ఫజ్ర్ నమాజు ముగించుకొని బర్కత్‌పుర నుండి నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజాకు వెళ్ళినాము. మేము చేరునప్పటికి పూర్తి దూరము పరుగెత్తేవారు ఎప్పుడో సాగిపోయినారు. సగము దూరమువారు ఒక్కొక్క గుంపుగా బయలుదేరుతున్నారు. ఆ గుంపులలో నెరసిన తలలున్నవి, కొత్తగా పెండ్లయిన జంటలున్నవి, కళాశాల వయసు పిల్లలున్నారు. మన కళాశాల పిల్లలు మాత్రము మాకు ఒక్కరూ కనబడలేదు. ఆ లోటే ఈ వ్యాసమునకు ప్రేరణ.

మాట పుట్టుక, దూరము పుట్టుక

మారథాన్ అనునది గ్రీసు దేశములోని ఒక మైదానము పేరు. క్రీ.పూ. 490లో అక్కడ ఏథెన్సువారు పారశీక సైన్యమును ఓడించినారు. ఆ విజయవార్తను మోసుకొని ఒక దూత ఏథెన్సు వరకు పరుగెత్తి, వార్త చెప్పి, ప్రాణము విడిచినాడని కథ. చరిత్ర విద్యార్థులు ఇక్కడ ఒక విషయము గమనించవలెను. ఆ యుద్ధమునకు అతి సమీప కాలమున చరిత్ర వ్రాసిన హెరొడోటస్ ఈ కథ చెప్పలేదు. ఆయన చెప్పినది ఫిలిప్పిడీస్ అనే దూత యుద్ధమునకు ముందు సహాయము కోరుతూ ఏథెన్సునుండి స్పార్టాకు, అనగా సుమారు 240 కిలోమీటర్లు, పరుగెత్తి మరునాటికే చేరిన సంగతి. విజయవార్త కథ అయిదారు వందల సంవత్సరముల తర్వాత ప్లూటార్కు, లూసియన్ల రచనలలో కనబడుతున్నది. ఆంగ్లకవి రాబర్ట్ బ్రౌనింగ్ 1879లో ప్రచురించిన కవితతో అది ఐరోపా అంతట ప్రచారమైనది. ఫ్రెంచి భాషాశాస్త్రజ్ఞుడు మిషెల్ బ్రెయాల్ సూచనపై 1896లో ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలో ఈ పరుగును చేర్చినారు. పందెమునకు సూచన చేసినవాడు భాషాశాస్త్రజ్ఞుడని తెలిసి, భాషోపాధ్యాయులమైన మాకు కొంత గర్వము కలిగిన మాట నిజము. నాడు దూరము సుమారు 40 కిలోమీటర్లు. నీళ్ళు మోసి జీవించిన స్పిరిడాన్ లూయీస్ అనే గ్రీకు యువకుడు దానిని 2 గంటల 58 నిమిషముల 50 సెకన్లలో గెలిచినాడు.

నేడు ప్రపంచమంతట పాటిస్తున్న 42.195 కిలోమీటర్ల దూరము 1908 లండన్ ఒలింపిక్సులో పుట్టినది. విండ్సర్ రాజప్రాసాదమువద్ద మొదలుపెట్టి, క్రీడాప్రాంగణములో రాజకుటుంబము కూర్చున్న చోటు ముందర ముగించవలెనని దారిని కొలిచినారు. ఆ కొలతనే 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య స్థిరపరచినది. ఒక రాజుగారి ఆసనముకోసము చేరిన మీటర్లను నేటికీ సామాన్యులు పరుగెత్తుతున్నారు!

దూత పరుగు మనకు కొత్తది కాదు. దక్కనులో రాజుల వార్తలు మోసినవారిని హర్కారాలనేవారు. ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఈ మాట పరిచితమే. తెలుగులో 'అంచె' అనగా ఒక దూత ఆగి, మరొక దూత అందుకొనే మజిలీ. నేడు ఎవరైనా మెల్లగా వృద్ధిలోకి వచ్చినప్పుడు 'అంచెలంచెలుగా ఎదిగినాడు' అంటున్నాము. పరుగెత్తినవాడి మజిలీయే ఆ మాటలో దాగివున్నది.

మన దేశమువారిలో ఒక్క పేరు విద్యార్థులు తప్పక తెలుసుకొనవలెను. బీహారులో పుట్టి, సైన్యములో పనిచేసిన శివనాథ్ సింగ్ తరచుగా కాళ్ళకు జోళ్ళు లేకుండానే పరుగెత్తేవాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్సు మారథానులో 11వ స్థానము పొందినాడు. 1978లో జలంధరులో 2 గంటల 12 నిమిషములలో దూరము ముగించినాడు. ఆ జాతీయ రికార్డు నాలుగు దశాబ్దములకు పైగా చెక్కుచెదరలేదు.

మన నగరపు దారి

2007లో ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ సొసైటీ ఆధ్వర్యవమున మన నగర మారథాన్ జరుగుతున్నది. 2011లో మొదలైన ఈ పరుగు చాలాకాలము ఎయిర్‌టెల్ పేరుతో, ఇటీవల ఎన్.ఎం.డి.సి. పేరుతో ప్రసిద్ధమైనది. కరోనా కాలపు అంతరాయమును దాటి 2025లో పధ్నాలుగవసారి జరిగినది. పూర్తి మారథాన్‌తోపాటు 21.1 కిలోమీటర్ల సగము మారథాన్, 10 కిలోమీటర్ల పరుగు, ముందురోజు 5 కిలోమీటర్ల పరుగు ఉంటున్నవి.

ఇటీవలి సంవత్సరములలో పూర్తి పరుగు పీపుల్స్ ప్లాజావద్ద మొదలై, ఖైరతాబాద్ ఫ్లైఓవరు, రాజ్‌భవన్ రోడ్డు, పంజగుట్ట, బంజారాహిల్స్ రెండవ నంబరు రోడ్డు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, 45వ నంబరు రోడ్డు, దుర్గంచెరువు తీగల వంతెన, మైండ్‌స్పేస్ మీదుగా సాగి, గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియములో ముగుస్తున్నది. ఈ దారిని పటముమీద వ్రేలుపెట్టి చూచినట్లయితే హైదరాబాదు చరిత్ర క్రమముగా కనబడుతుంది.

మొదట హుస్సేన్‌సాగర్. 1562లో ఇబ్రాహీం కుతుబ్ షా కాలమున హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో నిర్మితమైన చెరువు. హైదరాబాదు నగరము వెలసినది 1591లో. అనగా నగరమునకంటె చెరువు దాదాపు మూడు దశాబ్దములు పెద్దది. పరుగు చివరి భాగములో ఎదురయ్యే దుర్గంచెరువు కుతుబ్ షాహీల కాలమున గోల్కొండకు త్రాగునీరిచ్చినది. దానిపై 2020 సెప్టెంబరులో తీగల వంతెన ప్రారంభమైనది. ఈ రెండు చెరువుల నడుమ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుట్టలున్నవి. 1998లో జాతీయ ఉద్యానముగా ప్రకటితమైన కె.బి.ఆర్. పార్కు అక్కడనే కలదు. వంతెన దాటిన తర్వాత సైబర్ టవర్సు 1998లో వెలిసిన నాటినుండి పెరిగిన కొత్త నగరము. చివరికి 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఆసియా క్రీడల సందర్భమున ఏర్పడిన గచ్చిబౌలి క్రీడాసముదాయము. పదహారవ శతాబ్దపు చెరువుగట్టువద్ద మొదలైన మనిషి నాలుగైదు గంటలలో ఇరువదియొకటవ శతాబ్దములోకి పరుగెత్తి వస్తున్నాడు.

అయితే ఈ దారి అంతయు పడమటి దిక్కునకే సాగుతున్నది. మూసీకి దక్షిణమున వున్న చార్మినారు ఇందులో లేదు. నారాయణగూడ, చిక్కడపల్లి, బర్కత్‌పుర కూడ లేవు. ఇది ఎవరినో తప్పుపట్టుటకు చెప్పుట లేదు. నలుబది రెండు కిలోమీటర్ల రోడ్డును ఖాళీచేయించుట సామాన్యమైన పని కాదు. కాని దారి మన వీధిలోనికి రాలేదు గనుక పరుగు మనది కాదనుకొనుట పొరపాటు. మన బర్కత్‌పుర చమన్ నుండి నారాయణగూడ, హిమాయత్‌నగర్, లిబర్టీ మీదుగా ట్యాంక్‌బండ్ నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూ. అశోక్‌నగర్ విద్యార్థికి ఇందిరా పార్కు దాటితే చెరువుకట్టయే. పరుగు ముగిసే చోటు మనకు దూరమే, మొదలయ్యే చోటు మాత్రము దగ్గర.

దేహము చెప్పే లెక్క

మారథానులో ముప్పది కిలోమీటర్లు దాటిన తర్వాత బలవంతులు కూడ ఒక్కసారిగా నీరసించిపోతారు. పరుగెత్తేవారు దీనిని 'గోడ' అని పిలుస్తారు. దీని కారణము లెక్కలో ఉన్నది. పరుగెత్తునప్పుడు దేహము కిలోమీటరుకు, తన బరువులో ప్రతి కిలోగ్రామునకు, సుమారు ఒక కిలోకాలరీ శక్తిని వ్యయము చేస్తుంది. 60 కిలోల మనిషి 42 కిలోమీటర్లు పరుగెత్తవలెనన్న 2,500 కిలోకాలరీలు కావలెను. కండరములలోను, కాలేయములోను గ్లైకోజెన్ రూపమున నిలువవుండే శక్తి సుమారు 2,000 కిలోకాలరీలు మాత్రమే. మొదటినుండి వేగముగా పోయినవాడు ఈ నిలువను ముందుగా కాల్చివేసికొంటాడు. నెమ్మదిగా పోయినవాని దేహము కొవ్వునుండి ఎక్కువ శక్తిని తీసుకొని, గ్లైకోజెన్‌ను పొదుపు చేస్తుంది. నెలల తరబడి అభ్యాసము చేయుటవలన ఈ పొదుపు పెరుగుతుంది.

మన నగరపు దారిలో మరి రెండు పరీక్షలున్నవి. ఒకటి ఎత్తు. హుస్సేన్‌సాగర్ పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 513 మీటర్లు. అక్కడినుండి గుట్టలవైపు సాగే దారి జూబ్లీహిల్స్ వరకు ఎక్కుతూనే ఉంటుంది, తర్వాత దుర్గంచెరువు వైపు దిగుతుంది. ఎక్కునప్పుడు ఊపిరి అలసిపోతుంది, దిగునప్పుడు తొడ కండరములు దెబ్బతింటవి. ఫ్లైఓవర్లు ఈ ఎత్తుపల్లములను ఇంకను పెంచుతున్నవి. రెండవది తేమ. ఆగస్టులో ఎండ తక్కువే, కాని గాలిలో తేమ ఎక్కువ. చెమట పట్టుటవలన కాక, పట్టిన చెమట ఆరుటవలన దేహము చల్లబడుతుంది. తేమగాలిలో చెమట ఆరదు. అందువలననే పరుగును తెల్లవారకముందే మొదలుపెడుతున్నారు. దప్పిక వేసినకొలది కొద్దికొద్దిగా నీరు త్రాగవలెను. ఉప్పు లేని నీటిని అతిగా త్రాగుటవలన రక్తములోని సోడియము తగ్గి ప్రమాదము రావచ్చును.

స్త్రీలు పరుగెత్తిన చరిత్ర

1896 ఏథెన్సు పందెములో స్త్రీలకు ప్రవేశము లేదు. స్టమాటా రెవితీ అనే పేద గ్రీకు స్త్రీ మరునాడు ఒంటరిగా ఆ దారి మొత్తము పరుగెత్తినది. ఆమెను క్రీడాప్రాంగణములోనికి రానీయలేదు. స్త్రీల దేహము ఇంత దూరమును భరింపజాలదని వైద్యులు, అధికారులు దశాబ్దముల పాటు చెప్పినారు. 1967లో అమెరికాలోని బోస్టన్ మారథానులో క్యాథరిన్ స్విట్జర్ తన పేరును పొడి అక్షరములతో నమోదు చేసికొని, 261వ నంబరుతో పరుగెత్తుతూ ఉండగా, ఒక నిర్వాహకుడు ఆమెను దారినుండి లాగివేయబోయినాడు. ఆమె ఆగలేదు. పందెము పూర్తిచేసినది. బోస్టన్‌లో స్త్రీలకు అధికారముగా ప్రవేశము దొరికినది 1972లో. ఒలింపిక్సులో దొరికినది 1984లో. పురుషులు మొదలుపెట్టిన 88 సంవత్సరములకు! 2024 పారిస్ ఒలింపిక్సులో స్త్రీల మారథానును ఇథియోపియాలో పుట్టి నెదర్లాండ్సు పక్షమున పరుగెత్తిన సిఫాన్ హసన్ 2 గంటల 22 నిమిషముల 55 సెకన్లలో గెలిచినది. పతకము స్వీకరించుటకు ఆమె హిజాబు ధరించి వేదిక ఎక్కినది.

ఈ సంగతి వినగానే, అది వారి దేశపు ముచ్చట, మన ఇండ్లలో కుదరదని కొందరు పెద్దలు అనవచ్చును. వారికి మేము వినయముతో ఒక మాట మనవి చేస్తున్నాము. హజ్ యాత్రలో సఫా మర్వా కొండల నడుమ ఏడుసార్లు, మొత్తము మూడు కిలోమీటర్లకు పైగా, జరిపే సయీ ఎవరి జ్ఞాపకము? పసికందు ఇస్మాయీల్ (అ) దాహమునకు తల్లడిల్లి నీటికోసము అటూ ఇటూ పరుగెత్తిన హజ్రత్ హాజిరా జ్ఞాపకమే గదా. కోట్లాది విశ్వాసులు అనుసరించే ఆ అడుగులు ఒక తల్లివి. దైవప్రవక్త ముహమ్మద్ (స) హజ్రత్ ఆయిషాతో పరుగుపందెము వేసినారనియు, ఒకసారి ఆమె, మరొకసారి ఆయన గెలిచినారనియు హదీసులలో ఉన్నది. పరుగు ఆడపిల్లకు తగదని చెప్పుటకు మన ధర్మములో ఆధారము వెదకువారు ఈ రెండింటిని మరువరాదు.

ఎనిమిది వందల మీటర్లు

ఇక మా మనస్సును బాధిస్తున్న విషయము. మా తరగతిలో తెలుగు చదివిన పూర్వవిద్యార్థిని ఒకతె పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకు 2022లో వెలువడిన ప్రకటన చూచి దరఖాస్తు చేసినది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో ఉదయమునుండి దీపాలు వెలిగే వేళ వరకు కూర్చుని చదివినది. ప్రాథమిక వ్రాతపరీక్షలో ఉత్తీర్ణురాలైనది. తర్వాత దేహదారుఢ్య పరీక్ష. స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకన్లలోను, పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకన్లలోను ముగించవలెను. ఆ అమ్మాయి మొదటి రెండు వందల మీటర్లు శక్తికొద్దీ పరుగెత్తి, తర్వాత నడిచి, చివరికి కూలబడినది. కొద్ది సెకన్లలో ఉద్యోగము పోయినది. ఆమె వచ్చి మాతో అన్నది: "సార్, నాకు చదవడం వచ్చు. పరుగెత్తడం ఎవరూ నేర్పలేదు."

ఆ మాటకు మావద్ద జవాబు లేదు. ఆమెకు ఉత్పలమాలకు, చంపకమాలకు యతిస్థానములు నేర్పినాము. ఎక్కడ ఆగి ఊపిరి తీసుకొనవలెనో పద్యములో చెప్పినాము గాని మైదానములో చెప్పలేదు. ఈ లోపము ఆమెది కాదు, మాది.

లెక్క చూచినట్లయితే 5 నిమిషముల 20 సెకన్లలో 800 మీటర్లనగా గంటకు 9 కిలోమీటర్ల వేగము. ఆరోగ్యవంతురాలైన యువతికి పది పన్నెండు వారముల అభ్యాసముతో అందే వేగమే యిది. శివనాథ్ సింగ్ 1978లో 1600 మీటర్లను అయిదు నిమిషముల చొప్పున, వరుసగా ఇరువదియారు పర్యాయములు పరుగెత్తినంత పని చేసినాడు. సిఫాన్ హసన్ 800 మీటర్లను 2 నిమిషముల 43 సెకన్ల చొప్పున యాబదిరెండు పర్యాయములు పరుగెత్తినంత పని చేసినది. మన పిల్లలనుండి మనము అడుగుతున్నది అందులో ఒక్క పర్యాయము. అదియు వారికంటె చాల తక్కువ వేగముతో.

మన కర్తవ్యము

కళాశాల జూన్‌లో తెరుస్తారు, నగర మారథాన్ ఆగస్టు చివర జరుగుతుంది. నడుమ పన్నెండు వారములున్నవి. కమిటీ పెద్దల ముందు మేము ఉంచే విన్నపము స్వల్పమైనది. వారమునకు మూడు ఉదయములు తరగతులకు ముందు ఒక గంట సమయము ఈయవలెను. బాలురకు, బాలికలకు వేరువేరుగా అభ్యాసము జరుగవలెను. బాలికలకు స్త్రీ శిక్షకురాలు ఉండవలెను. నిండు చేతుల దుస్తులు, తలగుడ్డ ధరించి పరుగెత్తదలచినవారికి ఆటంకము ఉండరాదు. మొదలుపెట్టకముందు వైద్యునిచేత గుండె, రక్తము పరీక్ష చేయించవలెను. మన బాలికలలో రక్తహీనత ఉన్నవారికి పరుగుకంటె ముందు చికిత్స అవసరము. నమోదు రుసుము కట్టలేని పేద విద్యార్థులకు దానిని కమిటీ భరించవలెను.

విద్యార్థినీ విద్యార్థులారా! మొదటి వారము పరుగెత్తవద్దు, వేగముగా నడవండి. రెండవ వారము రెండు నిమిషములు పరుగు, రెండు నిమిషములు నడక. ప్రక్కనున్నవారితో మాటలాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తండి. మాట రాకపోయినట్లయితే వేగము మించినదని గ్రహించండి. వారము వారమునకు దూరమును పదిలో ఒక వంతుకు మించి పెంచవద్దు. నాలుగవ వారమునాటికి గడియారము పట్టుకొని 800, 1600 మీటర్లు కొలుచుకొనండి. ఎనిమిదవ వారమునాటికి ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తగలరు. పన్నెండవ వారమునాటికి పట్టుదల గలవారు 10 కిలోమీటర్ల పరుగులో పేరు నమోదు చేసికొనవచ్చును. పూర్తి మారథాన్ గురించి మొదటి సంవత్సరము ఆలోచింపవలదు. అది కొన్ని సంవత్సరముల సాధనతో కూడిన పని. స్థలము లేదనే మాట చెల్లదు. ఇందిరా పార్కు మనకు దగ్గర, ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లనీడ రోడ్లు మరీ దూరము కావు.

ఈ పరుగులో మొదట వచ్చినవాడొక్కడే గెలిచినట్లు కాదు. నిర్ణీత వ్యవధిలో ముగించిన ప్రతివారి మెడలోను పతకము వేస్తారు. పరీక్షలలో మొదటి శ్రేణికి అలవాటుపడిన మనకు ఇది క్రొత్త పాఠము. పరుగెత్తి పాలు తాగవలెననిగాని, నిలబడి నీళ్ళు తాగి ఊరుకొనవలెననిగాని మేము చెప్పుటలేదు. పరుగెత్తండి, నిలబడండి, నీళ్ళు తాగండి, మరల పరుగెత్తండి.

ఆ విద్యార్థిని మరల ప్రకటన వెలువడినప్పుడు దరఖాస్తు చేయదలచినట్లు మాతో చెప్పినది. జూన్‌లో కళాశాల తెరచిన మొదటి సోమవారము ఉదయము ఆరు గంటలకు, కమిటీ పెద్దలు అనుమతించినట్లయితే, కళాశాల ద్వారమువద్ద ఆమెయు, మేమును ఉంటాము. తక్కినవారు కూడ రావలసినదిగా కోరుతున్నాము.